రేచెర్ల వంశావళి - ప్రామాణ్య విచారము

కోడేరునకు సమీపముననున్న కొల్లాపురము పూర్వము జటప్రోలు సంస్థానమునకు రాజధాని. తత్ప్రభువులగు సురభివారు రేచెర్ల గోత్రజులైన పద్మనాయక వెలమలు. వెంకటగిరి, బొబ్బిలి ప్రభువులదియు నీ గోత్రమే. ఈ గోత్రము గల కుటుంబ మేదేని రాచకొండ ప్రభువగు సింగభూపాలుని తన మూలపురుషునిగా జెప్పుకొన్నచో, ఆ మాటను పరిశోధకు డెట్లు పరీక్షింపవలెను?

మొదట గోత్రనామమును పరిశీలింతము. రేచెర్లవారి ఐతిహ్యము ప్రకారము, చెవిరెడ్డి నిక్షేపమును గైకొనుటకు బేతాళునికి నరబలి కావలసివచ్చెను. రేచడను సేవకుడు తన ప్రాణమునర్పించి, ఆ వంశమునకు తన పేరుండవలెనని కోరెనట. ఇది కథయే యైనను, అందొక పాఠము కలదు: గోత్రనామమునిచ్చినవాడు రక్తసంబంధి కాడని ఆ వంశకథయే చెప్పుచున్నది. ఇంతేకాక, 1213లో రామప్ప గుడిని ప్రతిష్ఠించిన రేచెర్ల రుద్రుడు రెడ్డి సేనాని. నామసామ్యమును బట్టి అతనిని పద్మనాయకుల పూర్వునిగా గ్రహింపరాదు.

రెండవది, సాక్ష్యముల తారతమ్యము. రసార్ణవసుధాకరమున సింగభూపాలుడు తన తండ్రియగు అనపోతనాయకుని, తాతయగు సింగమనాయకుని గూర్చి చెప్పినది సన్నిహిత సాక్ష్యము. నేలటూరి వెంకటరమణయ్యగారి పరిష్కరణమున 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము ప్రకటించిన వెలుగోటివారి వంశావళి యట్లు గాదు. అది పెక్కు తరముల స్తుతిపద్యముల కూర్పు. సురభి మాధవరాయల చంద్రికాపరిణయమువంటి ప్రబంధముల అవతారికలకును ఈ వివేచనమే వర్తించును: కవికి సమీపమైన తరములు విశ్వసనీయములు, దూరమైనకొలది కీర్తనము పెరిగి చరిత్ర తగ్గును. పైగా తాత పేరు మనుమనికి పెట్టుట ఆచారమగుటచే, ఇరువురు సింగలు ఒక్కరగుటయు, ఒక్కరు ఇరువురగుటయు సులభము.

మూడవది దత్తత. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున వెంకటగిరి ప్రభువంశమున జనించిన బాలకులు బొబ్బిలికిని, జటప్రోలునకును దత్తపుత్రులుగా వెళ్ళిరి. వంశావళిలో వారు ఔరసులవలెనే నిలుతురు. ధర్మశాస్త్రదృష్టిచే అది సత్యమే, కాని జన్మక్రమము వేఱు. కావున ఇంటి వరుస, రక్తపు వరుస అను రెండింటిని పరిశోధకుడు వేఱువేఱుగా వ్రాసికొనవలెను.

కాబట్టి అన్వేషణము రాజునొద్ద నారంభించి మనకడకు దిగరాదు. మననుండి తండ్రికి, తండ్రినుండి తాతకు, దస్తావేజులు, ఇనాము పత్రములు, శాసనములు ఆధారముగా పైకి సాగవలెను. పిచ్చిగుంట్లవారు చెప్పు గోత్రక్రమము దారి చూపవచ్చును గాని, ఋజువు కాజాలదు. ఎచ్చట లంకె తెగినదో అచ్చట ఆగుటయే పాండిత్యము.

తరమునకు ఇరువదియైదేండ్లు చొప్పున ఆఱువందల యేండ్లకు ఇరువదినాలుగు తరములు. ఆ మెట్టున ప్రతి వ్యక్తికిని లెక్కకు 1,67,77,216 పూర్వస్థానము లుండును. ఒకే పూర్వుడు పెక్కు స్థానముల నాక్రమించుట అనివార్యము. అందువలన ఒక రాజు రక్తము పెక్కుమందికి, తామెఱుగకయే, సంక్రమించియుండవచ్చును. అరుదైనది రాజరక్తము గాదు, లిఖితసాక్ష్యము. రాజులకు వంశావళిని వ్రాసిరి. ప్రాణమిచ్చిన రేచని సంతతికి వ్రాయలేదు. పరిశోధకుడు ఆ మౌనమునకును విలువ కట్టవలెను.