ఘంటసాల గొంతు నడిమధ్యన ఉందా?

రెండు వేల నుంచి ఎనిమిది వేల రూపాయల ఇయర్‌ఫోన్‌ను వినకుండానే కొనాల్సిన ఊళ్లో, దాని మంచిచెడ్డలు తేల్చుకునేదెలా?

ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారిచ్చిన అంశం మధ్యరకం ధరల్లో దొరికే ఇన్-ఇయర్ మానిటర్లు. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలన్నారు. హైదరాబాద్‌లో ఒక షోరూములో కూర్చుని పది జతలు వరసగా విని రాసేయొచ్చు. కానీ ఈ రకం సరుకు కొనేవాళ్లలో చాలామందికి ఆ అవకాశం లేదు. అందుకే దమ్మపేట వెళ్తానని అడిగాను.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు ఒక అంచున ఉందీ మండలం. ఎటు చూసినా పామాయిల్ తోటలు, అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు మోసుకెళ్లే ట్రాక్టర్లు. అశ్వారావుపేట దాటితే ఆంధ్ర. విని చూసి కొనుక్కునే ఆడియో షోరూము ఇక్కడ లేదు. ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే కొరియర్‌లో పెట్టె వస్తుంది. జానపద పాటలు ఫోన్లోనే మిక్స్ చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాడొకడు తన ఇబ్బందిని ఒక్క ముక్కలో చెప్పాడు: "నచ్చకపోతే వాపసు పంపడానికి వారమే టైముంది సార్. నచ్చిందో లేదో తెలుసుకోడానికే నాకు నెల పట్టుద్ది."

ఆ నెలను వారంలోకి కుదించగలమా అన్నదే ఈ కథనం. కుదించగలమనే నా నమ్మకం.

పెట్టెలో దొరికిన కాగితం

కుర్రాడు కొత్తగా తెప్పించుకున్న జతతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి వచ్చింది. దాని మీద వంకర గీత. ఎడమ చివర 20 హెర్ట్జ్, కుడి చివర 20,000 హెర్ట్జ్. గీత ఎక్కడ పైకి లేస్తే అక్కడి ధ్వని బిగ్గరగా వినపడుతుందన్నమాట. ఇలాంటి కాగితాన్ని చాలామంది వారంటీ కార్డుతో పాటు పక్కన పడేస్తారు. వినకుండా కొనేవాడికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం అది. దాన్ని చదవడం నేర్చుకోవాలి, ఎంతవరకు నమ్మాలో కూడా.

ముందుగా ఎడమ పక్కనున్న డెసిబెల్ అంకెలు చూడండి. నిలువు కొలత 40, 50 డెసిబెళ్ల మేర ఉంటే గీతలోని ఎత్తుపల్లాలు నిజంగా కనిపిస్తాయి. అదే ఎత్తులో 100, 120 డెసిబెళ్లు ఇరికిస్తే ఎంత గతుకుల గీతయినా నున్నగా కనిపిస్తుంది.

తర్వాత 3,000 హెర్ట్జ్ దగ్గర లేచే గుట్ట. తెలియనివాళ్లకు అది లోపంలా తోస్తుంది. మన చెవి గొట్టం పొడవు దాదాపు 25 మిల్లీమీటర్లు. ఒక వైపు తెరిచి, రెండో వైపు కర్ణభేరితో మూసుకుని ఉండే అంత చిన్న గొట్టం సహజంగానే 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని పెంచుతుంది. పుట్టినప్పటి నుంచీ మనం ప్రతి గొంతునూ అలాగే వింటున్నాం. చెవిలో ఇయర్‌ఫోన్ దూర్చగానే గొట్టం మూసుకుపోయి ఆ సహజమైన పెంపు చెదిరిపోతుంది. దాన్ని తయారీదారు తిరిగి కలపాలి. ఆ గుట్ట లేకపోతే గాయని తలుపు అవతల నిలబడి పాడినట్టుంటుంది. మరీ ఎత్తయితే నాదస్వరం చెవిని కోస్తుంది. మధ్యరకం ధరల్లో జతకూ జతకూ ఉండే తేడాలో పెద్ద వాటా ఈ గుట్ట ఎత్తుదీ, ఆకారానిదే.

దాని కుడిపక్కన 4,000 నుంచి 8,000 దాకా ఉన్న భాగం తెలుగువాళ్లకు ముఖ్యం. మన శ, ష, స ల రాపిడి చాలావరకు అక్కడే ఉంటుంది. సకారాలు దండిగా ఉన్న పద్యాన్నో, వార్తలు చదివే గొంతునో పావుగంట వినండి. ప్రతి 'స' దగ్గరా చెవి ముడుచుకుంటుంటే ఆ జత మీకు పనికిరాదు. అలవాటవుతుందిలే అని ఉంచుకుంటే కొన్నాళ్లకు సొరుగులోకి చేరుతుంది.

ఇక అన్నిటికంటే కుడి చివర. ఇక్కడ కాగితాన్ని నమ్మొద్దు. ఈ గీతలను కొలవడానికి చెవి గొట్టాన్ని అనుకరించే లోహపు పరికరం వాడతారు. దాని ప్రమాణం పేరు ఐఈసీ 60318-4, వాడుకలో 711. అది 8,000 హెర్ట్జ్ దాకా బాగానే చెప్తుంది. ఆపైన గీత ఎక్కడ లేస్తుందన్నది ఇయర్‌ఫోన్‌ను ఎంత లోతుకు దూర్చారన్న దాని మీద ఆధారపడుతుంది. 8,000 దగ్గర కనిపించే సూదిమొన చాలాసార్లు ఆ పరికరానిదే. కాబట్టి తాళాల మోత, గజ్జెల గలగల కాగితం మీద తేలవు, చెవితోనే తేల్చాలి.

'హార్మన్ టార్గెట్' అని కొన్ని పెట్టెల మీద గొప్పగా వేస్తారు. అమెరికాలో హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం ఏళ్ల తరబడి శ్రోతలకు పరీక్షలు పెట్టి, ఎక్కువమందికి నచ్చిన గీతను తేల్చింది. విలువైన పని. అయితే అది సగటు శ్రోత గీత. దానికి దగ్గరగా ఉంటే నష్టపోయే ప్రమాదం తక్కువని అర్థం చేసుకుంటే చాలు.

కాగితం చెప్పని సంగతి

ఆ కాగితం మీద గీత ఒక్కటే ఉంది. కుడి ముక్కదా, ఎడమ ముక్కదా? రెండూ ఒకేలా ఉన్నాయా? ఈ ధరల్లో నాణ్యత ఎక్కువగా జారేది అక్కడే. డిజైన్ మంచిదే అయినా మీ ఇంటికొచ్చిన జతలో రెండు డ్రైవర్లు, అంటే ధ్వని పుట్టించే బుల్లి స్పీకర్లు, సరిగా జోడీ కుదరకపోవచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఘంటసాల చాలు.

1957లో వచ్చిన 'మాయాబజార్' పాటలు మోనోలో రికార్డయ్యాయి. రెండు చెవులకూ వెళ్లేది ఒకటే ధ్వని. కాబట్టి ఘంటసాల గొంతు తల నడిమధ్యన, కనుబొమల వెనక నిలబడాలి. రవ్వంత ఎడమకో కుడికో ఒరిగితే ఏదో తేడా ఉన్నట్టే. పాత మోనో రికార్డింగే వెతకండి. 2010లో ఈ సినిమాను రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు ధ్వనినీ డీటీఎస్‌కు మార్చారు. అలా మార్చినవి ఈ పరీక్షకు పనికిరావు. అనుమానముంటే ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేసుకోండి. అక్కడే ఎడమ కుడి బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూసుకుని, డాల్బీ లాంటి హంగులు ఆపేయండి.

గొంతు ఒరిగిందే అనుకుందాం. ఎడమ ముక్కను కుడి చెవికి, కుడి ముక్కను ఎడమ చెవికి మార్చండి. గొంతు కూడా పక్క మారితే తప్పు ఇయర్‌ఫోన్‌ది, వాపసు పంపేయొచ్చు. గొంతు పాత పక్కనే ఉండిపోతే తేడా మీ చెవిలో ఉంది. అది గులిమి కావచ్చు, ఒకవైపు సిలికాన్ టిప్ చెవిలో సరిగా కూర్చోకపోవడం కావచ్చు.

దమ్మపేట కుర్రాడి జతలో మూడో రకం తేడా కనపడింది. గొంతు ఏ పక్కకూ ఒరగలేదు, మధ్యలోనూ లేదు. రెండు చెవుల బయట ఎక్కడో పరుచుకుంది. డోలు దెబ్బలో పస లేదు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పాడే వాళ్లక్క కూడా విని, "పాట ఉంది, పాడే మనిషి లేడు" అంది. కారణం తీగ కొసన ఉంది. ఈ రకం ఇయర్‌ఫోన్లలో చాలావాటికి తీగ ఊడి వస్తుంది. కుర్రాడి జతలో 0.78 మిల్లీమీటర్ల పిన్నులు రెండు ఒక్కో ముక్కలోని గుంటల్లోకి దిగుతాయి. ఒక వైపు వాటిని తిరగేసి గుచ్చితే ఆ పక్క డ్రైవర్ ముందుకు కదలాల్సినప్పుడు వెనక్కి కదులుతుంది. రెండు చెవులకూ ధ్వని ఎదురెదురుగా చేరడంతో మెదడు దాన్ని నడిమధ్యన కలపలేదు, కింది స్వరాల్లో పస తగ్గినట్టు తోస్తుంది. ఒక పక్క పిన్నులు తీసి తిప్పి పెట్టగానే ఘంటసాల నడిమధ్యకు వచ్చి నిలిచారు. కుర్రాడు వాపసు ఆలోచన మానుకున్నాడు. ఇంత చిన్న పొరపాటుతో మంచి జతలు ఎన్ని వెనక్కి పోయి ఉంటాయో!

డోలు పరీక్ష

ఈ జిల్లాలో బాస్‌ను తూచడానికి సినిమా పాట అక్కర్లేదు. కోయల కొమ్ము నృత్యానికి వాయించే పెద్ద డోలు ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం, కంచుతాళంతో కోయ వంశాల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. ఈ కళల వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. చాలావరకు ఆరుబయట తీసినవే. స్టూడియో నునుపు లేకపోవడమే వాటి బలం. గుమ్మనే డోలు, దాని మీద గొంతు, ఆ పైన కంచు మోత ఒకేసారి వినపడతాయి. డోలు గొంతును మింగేస్తే బాస్ ఎక్కువ. కంచు మోత ఇసుక రాలినట్టుంటే పై భాగం గరుకు. మూడూ విడివిడిగా తెలిస్తే ఆ జత ఉంచుకోదగ్గది.

డోలు పీలగా వినపడితే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. ముందు టిప్ మార్చండి. చెవికీ సిలికాన్‌కూ మధ్య వెంట్రుకవాసి సందున్నా కింది స్వరాలన్నీ బయటికి పోతాయి. పెట్టెలో మూడు సైజులిస్తారు. రెండు చెవులకు రెండు సైజులు పట్టేవాళ్లూ ఉన్నారు. నా అనుభవంలో 'బాస్ లేదు' అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తీరిపోతాయి.

చరిత్ర, గబగబా

వినికిడి యంత్రాల కోసం పుట్టిన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం డ్రైవర్‌ను పాటలకు మళ్లించి ఎటిమోటిక్ సంస్థ 1991లో ఈఆర్-4 తెచ్చింది. 1995లో వాన్ హేలెన్ బృందం డ్రమ్మర్ కోసం సౌండ్ ఇంజినీరు జెర్రీ హార్వీ చెవి అచ్చుతో మానిటర్లు చేసి అల్టిమేట్ ఇయర్స్ పెట్టాడు. అప్పట్లో అది వేదిక మీది కళాకారుల సొత్తు. చైనా కంపెనీలు వచ్చాక లెక్క మారింది. మూన్‌డ్రాప్ అరియా (2021), చు (2022), ట్రూథియర్ జీరో (2022) లాంటివి మంచి ధ్వనిని సామాన్యుడి ధరకు దించాయి.

చెమట, జాలీ, పిన్ను

మే నెల దమ్మపేట ఎండలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తోటలో తిరిగితే కట్టుబడి సంగతి ఇట్టే తెలుస్తుంది. సెంటర్లో ఫోన్లు బాగుచేసే ఆయన అన్నాడు: "సౌండ్ తగ్గిందని తెస్తారండి. లోపల స్పీకర్ బాగానే ఉంటది. జాలీలో గులిమి, చెమట." ధ్వని బయటికొచ్చే మూతి దగ్గరి ఆ జాలీ ఊడదీసి మార్చుకునేలా ఉంటే ఇయర్‌ఫోన్ ఆయుష్షు పెరుగుతుంది. కొన్ని కంపెనీలు పెట్టెలోనే అదనపు జాలీలు ఇస్తున్నాయి. మెరిసే లోహపు తొడుగు కంటే దానికే నేను ఎక్కువ విలువిస్తాను.

తొడుగు రెండు ముక్కల అతుకు మీద గోరు పోనిచ్చి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ చెమట కూడా దిగుతుంది. మూతికి చిన్న అంచు ఉండాలి, లేకపోతే టిప్ చెవిలోనే ఉండిపోతుంది. చెవిలో పెట్టేటప్పుడు చిటపటమంటే డ్రైవర్ పొర గాలి ఒత్తిడికి ముడుచుకుంటున్నట్టు. అప్పుడప్పుడైతే ఫర్వాలేదు, ప్రతిసారీ అయితే వద్దు. తీగ పాడైతే తీగే మార్చుకోవచ్చు గనక ఊడే తీగ మేలు. కానీ పిన్నుల గుంట వదులైతే ఆ ఇయర్‌ఫోన్ పనైపోయినట్టే. రోజూ పీకి పెట్టకండి.

ఇక పెట్టె మీద 'ఐదు డ్రైవర్లు', 'ఎనిమిది డ్రైవర్లు' అన్న అంకెలు. నేను విన్నంతలో, ఈ ధరలో ఒక్క 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్‌ను శ్రద్ధగా సరిచేసిన జత, హడావిడిగా కలిపిన ఐదింటి కంటే గొంతును నిజాయితీగా వినిపిస్తుంది.

*రెండు జతలు పోల్చేటప్పుడు*

రెండింటి శబ్దం ఒకే స్థాయికి తెచ్చుకోండి. ఒక్క డెసిబెల్ బిగ్గరగా ఉన్నా అదే మంచిదనిపిస్తుంది. బాగా తెలిసిన పాటే వినండి. ఫోన్‌కు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేకపోతే టైప్-సి అడాప్టర్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

*చెవి కోసం*

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు 80 డెసిబెళ్ల శబ్దం వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదు. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. చెవిలో సరిగ్గా బిగిసే జత బయటి రొద ఆపుతుంది కాబట్టి వాల్యూమ్ తక్కువ సరిపోతుంది. రోడ్డు మీద, ట్రాక్టర్ నడిపేటప్పుడు మాత్రం రెండు చెవులూ మూయకండి.