క్లోమానికి లంఖణం పడదు

‘లంఖణం పరమౌషధం’ అన్న సామెతను, క్లోమం వాచిన రోగి విషయంలో డాక్టర్లు కూడా దశాబ్దాలపాటు పాటించారు. నోటికి ఏమీ తగలనిచ్చేవారు కాదు. తిండి పడితే క్లోమం రసం ఊరుస్తుంది, ఆ రసమే దాన్ని తినేస్తుందని భయం.

భయం ఊరికే పుట్టలేదు. జీర్ణాశయం వెనుక అడ్డంగా పడుకున్న ఈ గ్రంథి మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌ను తయారుచేస్తుంది. తానూ మాంసమే కాబట్టి, దాన్ని ఒరలో పెట్టిన కత్తిలా ట్రిప్సినోజన్ రూపంలో పంపిస్తుంది. కత్తి దూయాల్సింది చిన్నపేగులోకి చేరాకే. క్లోమంలోనే దూస్తే గ్రంథి తనను తానే అరిగించుకుంటుందని 1896లోనే పాథాలజిస్ట్ హాన్స్ కియారీ చెప్పాడు. అదే అక్యూట్ పాంక్రియాటైటిస్.

ఎక్కువ కేసులకు కారణం పిత్తాశయంలో రాళ్లు, లేదా మద్యం. పెద్ద రాయి కన్నా చిన్న రాయే గడుసుది. జారి వచ్చి, పైత్యరసం, క్లోమరసం పేగులోకి దిగే ద్వారం దగ్గర అడ్డుపడుతుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటినా ముప్పే. రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకె చూసి ట్రైగ్లిజరైడ్ల వరుసను వదిలేసేవాళ్లున్నారు.

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు దీని లక్షణాలు. గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవడం ఇక్కడ ప్రమాదం. ఇలాంటి నొప్పికి తోడు రక్తంలో లైపేజ్ అనే క్లోమపు ఎంజైమ్ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే జబ్బు ఖాయమైనట్టే, చాలాసార్లు సీటీ స్కాన్ అక్కర్లేదు. అయితే లైపేజ్ ఎంత ఎక్కువుంటే జబ్బు అంత తీవ్రమని కాదు.

వాపును కరిగించే మందంటూ లేదు. నొప్పి తగ్గించాలి, సెలైన్ ఎక్కించాలి. అదీ మితంగానే: ఎడాపెడా ఎక్కిస్తే ఒంట్లో నీరు అతిగా చేరుతుందని 2022లో వాటర్‌ఫాల్ అనే క్లినికల్ ట్రయల్ చూపాక చేయి బిగించారు. ఇన్‌ఫెక్షన్ లేకుండా యాంటీబయాటిక్స్ ఇవ్వరు. ఎక్కువమంది వారంలో కోలుకుంటారు. కొందరిలో మాత్రం క్లోమం కుళ్లుతుంది. అందులో ఇన్‌ఫెక్షన్ చేరినా పొట్ట కోయడానికి తొందరపడరు. వీలైతే నాలుగు వారాలు ఆగి, ముందు గొట్టంతో చీము తీస్తారు.

ఇక తిండి. ఖాళీగా ఉంచిన పేగు గోడ బలహీనపడి, దాంట్లోని బాక్టీరియా బయటికి పాకుతుందని తేలాక లంఖణం పోయింది. వాంతులు తగ్గి ఆకలేస్తే, ఒకటి రెండు రోజుల్లోనే నూనె లేని మెత్తటి అన్నమో, ఇడ్లీయో పెట్టవచ్చు. రాళ్ల వల్ల తేలికగా వచ్చిన జబ్బయితే, ఇంటికి పంపేలోపే పిత్తాశయం తీసేయడం మేలు. ‘నొప్పి పోయింది కదా, పండగయ్యాక చూద్దాం’ అని వెళ్లినవాళ్లలో కొందరు పండగ ముందే తిరిగొస్తారు.