మంచు ఎత్తేటప్పుడు.. గుండె జాగ్రత్త!

మనవడిని చూసుకోవటానికి అమ్మానాన్నలు న్యూజెర్సీకో, షికాగోకో వెళ్తారు. ఓ రాత్రంతా మంచు కురుస్తుంది. తెల్లారి తలుపు తీస్తే గ్యారేజీ ముందు నుంచి రోడ్డు దాకా మోకాలెత్తు మంచు. అబ్బాయి ఆఫీసుకు వెళ్లాలి, కారు బయటకు రావాలి. ‘వాడు లేచేలోపు నేనే తీసేస్తే పోలా’ అనుకుంటూ నాన్న కోటు తగిలించుకుని, పార పట్టుకుని బయటకు నడుస్తారు. ఒకప్పుడు పొలం పని చేసిన చేతులాయె. ఇదో లెక్కా అనిపిస్తుంది.

కానీ చలిదేశాల్లో ఏటా ఎంతోమందిని ఆసుపత్రి పాలు చేసే పని ఇదే. నడుం పట్టేయటం, భుజాలు బెణకటం సరే. అసలు భయం గుండెకు.

మంచు చూడటానికి దూదిలా ఉన్నా, తడిసిందంటే పారెడు మంచు ఏడు కిలోలు తూగటం మామూలే. నిమిషానికి 12 సార్లు ఎత్తిపోస్తే పది నిమిషాలకు 840 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు ముప్పై మూడు మోసినట్టు! 1995లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. వ్యాయామం అలవాటు లేని, ఆరోగ్యంగా ఉన్న పది మంది యువకులతో మంచు ఎత్తించారు. రెండు నిమిషాలు తిరిగేసరికి వారి గుండె వేగం గరిష్ఠ వేగంలో 85 శాతాన్ని దాటిపోయింది. ముప్పైల్లో ఉన్నవారి సంగతే ఇలా ఉంటే, బీపీ, మధుమేహం ఉన్న అరవై అయిదేళ్ల మనిషి మాటేమిటి?

కెనడాలోని క్యూబెక్‌లో 1981 నుంచి 2014 వరకు ఆసుపత్రి వివరాలను పరిశీలించగా, 20 సెంటీమీటర్ల మంచు కురిసిన మర్నాడు మగవారిలో గుండెపోటు మరణాల ముప్పు 34 శాతం ఎక్కువగా కనిపించింది. ఆడవారిలో ఈ తేడా కనిపించలేదు. పార పట్టేది ఎక్కువగా మగవారే కావటం దీనికి కారణం కావొచ్చని పరిశోధకుల అనుమానం.

ఎందుకిలా అవుతుంది? నడకలో కాళ్లు కదులుతాయి, రక్తం తేలికగా గుండెకు తిరిగొస్తుంది. మంచు ఎత్తేటప్పుడు కాళ్లు నిలకడగా ఉండి, భారమంతా చేతుల మీద పడుతుంది. బరువెత్తే క్షణంలో తెలియకుండానే ఊపిరి బిగబడతాం. బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. మరోవైపు చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి. గుండెకు రక్తం ఎక్కువ కావాల్సిన సమయంలోనే సరఫరా తగ్గుతుందన్నమాట. పైగా గుండెపోట్లు ఎక్కువగా వచ్చే ఉదయం వేళలోనే ఈ పని పెట్టుకుంటాం.

మొహమాటం వద్దు

గుండెపోటు వచ్చినవారు, స్టెంట్‌ వేయించుకున్నవారు, బైపాస్‌ అయినవారు, బీపీ అదుపులో లేనివారు పార ముట్టకూడదు. చలికాలమంతా నాలుగు గోడల మధ్య కూర్చుని ‘ఊరికే తింటున్నాం’ అని బాధపడే పెద్దలే ముందు పార అందుకుంటారు. పిల్లలే గట్టిగా వారించాలి. డబ్బులిస్తే మంచు తీసిపెట్టేవాళ్లు దొరుకుతారు. అక్కడి ఆసుపత్రి బిల్లుతో పోలిస్తే అదెంత? అంతకుముందే ఉన్న జబ్బులకు చాలా ప్రయాణ బీమాలు పూర్తిగా వర్తించవన్నదీ మరవద్దు.

రోజంతా కంప్యూటర్‌ ముందు కూర్చునే నలభైల్లోని అబ్బాయిలకూ ఇది చిన్న పనేం కాదు. మన దేశ మూలాలున్నవారికి గుండెజబ్బు కాస్త ముందే వస్తుంది. లేచీలేవగానే బయటకు పరుగెత్తకుండా ఇంట్లోనే పది నిమిషాలు నడిచి ఒళ్లు వెచ్చబడనివ్వాలి. కడుపునిండా తిని వెళ్లొద్దు. ఎత్తటం కన్నా నెట్టటం మేలు. ఎత్తక తప్పకపోతే మోకాళ్లు వంచి, పార సగమే నింపాలి, నడుం తిప్పి విసరొద్దు. మంచు పడుతుండగానే రెండు మూడు విడతలుగా తీస్తే బరువు తక్కువ. తొందరా అక్కర్లేదు. న్యూయార్క్‌ నగరంలోనే, రాత్రి 9 తర్వాత మంచు ఆగితే ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయటానికి ఉదయం 11 వరకు గడువుంది.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఆయాసం, అంత చలిలోనూ చెమట.. వీటిలో ఏది కనిపించినా పార వదిలేసి 911కు ఫోన్‌ చేయాలి. మధుమేహం ఉన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు, ఆయాసం ఒక్కటే ఉండొచ్చు. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌ మీద అంటించండి. పిల్లలు ఆఫీసుకెళ్లాక ఇంట్లో ఉండేది పెద్దవాళ్లే మరి.

అమ్మ అడుగు జారకుండా

పగలు కరిగిన నీరు రాత్రికి గాజుపలకలా గడ్డకడుతుంది. తడి నేలలాగే కనిపిస్తుంది కాబట్టి పోల్చుకోలేం. హవాయి చెప్పులేసుకుని ‘ఒక్క నిమిషం’ అంటూ చెత్తడబ్బా బయట పెట్టబోయి తుంటి, మణికట్టు విరగ్గొట్టుకునేది ఇక్కడే. ఎముకలు గుల్లబారిన అమ్మలకు మరీ ముప్పు. పట్టున్న బూట్లు వేసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, చిన్న చిన్న అడుగులతో నడవాలి. ఉప్పు మంచు పడకముందే చల్లితే బాగా పనిచేస్తుంది. మైనస్‌ 10 డిగ్రీలు దాటాక మామూలు ఉప్పు పెద్దగా కరిగించదు. అప్పుడు ఇసుక చల్లితే కాలికి పట్టు దొరుకుతుంది.

మంచు తీసే యంత్రం ఉంటే శ్రమ తగ్గుతుంది. అయితే దాన్లో మంచు ఇరుక్కుంటే చెయ్యి పెట్టొద్దు. ఆపేసినా లోపలి రెక్క ఒక్కసారిగా తిరిగి వేళ్లు తెగిపోయే ప్రమాదముంది. కర్రతోనే తొలగించాలి.

కారు స్టార్ట్‌ చేసే ముందు వెనక్కి వెళ్లి పొగగొట్టం చూడండి. అది మంచులో కూరుకుపోతే కార్బన్‌ మోనాక్సైడ్‌ కారులోకే వస్తుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. నాన్న మంచు తీస్తుంటే పిల్లల్ని వెచ్చగా కారులో కూర్చోబెట్టటం అక్కడ చాలామందికి అలవాటు. పొగగొట్టం చుట్టూ మంచు పూర్తిగా తీశాకే ఇంజిన్‌ వేయాలి, పిల్లల్ని ఎక్కించాలి. గ్యారేజీలో తలుపు తీసి ఉన్నా సరే, ఇంజిన్‌ వదిలేయకూడదు.