మంచుబండి

శీతల దేశములలో మంచు కురియు నెలలయందు నేలయంతయు తెల్లని దుప్పటి కప్పుకొన్నట్లుండును. ఆ దృశ్యము కన్నులకు ఇంపైనదే గాని ప్రయాణికునకు కష్టహేతువు. మెత్తని మంచులో బండిచక్రము దిగబడును; మనుష్యుడు మోకాలిలోతున కూరుకొనిపోవును. ఇట్టి మంచుపై తేలికగా పరుగిడు వాహనమే మంచుబండి. దీనిని ఆంగ్లమున స్నోమొబైలు అందురు.

కెనడా దేశమునందలి క్విబెక్ రాష్ట్రములో వాల్‌కూర్ అను ఊరు కలదు. అచట 1907వ సంవత్సరమున జన్మించిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ బాల్యమునుండియు యంత్రములపై మక్కువ గలవాడు. పదునైదేండ్ల ప్రాయముననే, 1922లో, మోటారు ఇంజనుకు గాలిపంకా నమర్చి మంచుపై నడచు బండి నొకదానిని తయారుచేసెను. 1934 శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారునకు ఉండుకము వాచి ప్రాణాపాయము కలిగెను. దారులన్నియు మంచుచే మూసికొనిపోయి యుండుటచేత బిడ్డను వైద్యశాలకు చేర్చుట సాధ్యపడలేదు. బాలుడు మరణించెను.

ఆ దుఃఖము తండ్రి పట్టుదలను సడలింపలేదు. 1935లో ఆయన రబ్బరు తొడిగిన పండ్లచక్రమును, రబ్బరుతోను నూలుతోను చేసిన పట్టాను జతపరచి మంచుపై జారక నడచు సాధనమును కనుగొనెను. 1937లో దానికి పేటెంటు హక్కు లభించెను. ఆయన నిర్మించిన బండ్లు శీతకాలమున వైద్యులను రోగుల యిండ్లకును, పిల్లలను పాఠశాలలకును చేర్చినవి. 1959లో ఆయన సంస్థ ఒకరిద్దరు ఎక్కదగిన చిన్న బండిని ‘స్కీడూ’ అను పేరుతో వెలువరించెను.

మంచుబండికి ముందు రెండు స్కీలుండును. బండిని త్రిప్పుటకు అవి ఉపకరించును. వెనుక భాగమున కొస లేని రబ్బరు పట్టా చుట్టుకొని యుండును. పట్టా లోపలివైపున వరుసగా బొడిపెలు, వెలుపలివైపున మంచును త్రోయు రబ్బరు పలకలు ఉండును. ఇంజను పండ్లచక్రమును త్రిప్పగా, దాని పండ్లు బొడిపెలను పట్టి పట్టాను లాగును. సైకిలు పండ్లచక్రము గొలుసును లాగు విధమే ఇదియు. పట్టా వెడల్పుగా నుండుటచే బండి బరువు విశాలమైన చోట పరచుకొని, బండి మంచులో దిగబడదు. రాకీ పర్వతముల వంటి చోట్ల మంచు మిక్కిలి లోతుగాను, పొడిగాను ఉండును. కావున పర్వతప్రాంతపు బండ్లకు పట్టా మరింత పొడవుగా నుండును. పలకలు రెండు మూడు అంగుళముల ఎత్తుండును.

ఒక్కొక్కప్పుడు ఇంజను గట్టిగా మ్రోగుచున్నను బండి ముందుకు సాగదు. అప్పుడు ‘పట్టా జారుచున్నది’ అందురు. కాని ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు దోషములు ఇమిడియున్నవి. పట్టా చక్కగా తిరుగుచు మంచునే త్రవ్వుచున్నచో లోపము యంత్రముది కాదు. నేల పట్టు లేదన్నమాట. ఇంజను వేగము పెరిగినను పట్టా వేగము పెరగక, రబ్బరు కాలిన వాసన వచ్చినచో ఇంజను బెల్టు జారుచున్నదని గ్రహింపవలెను. టకటకమను శబ్దముతో బండి కుదుపులు పెట్టినచో, పండ్లు బొడిపెలను పట్టలేక వానిపై దుముకుచున్నవని అర్థము. ఈ మూడవది మిక్కిలి ప్రమాదకరము. బ్రేకు వేసినపుడు ఆగునది పండ్లచక్రమే. దానిపై పట్టా దాటిపోవుచున్నచో ఏటవాలున దిగు బండి నిలువదు.

ఈ దోషమునకు సాధారణ కారణము పట్టా వదులగుట. క్రొత్త పట్టా కొంత నడచిన పిమ్మట సాగును. బండి వెనుకభాగమును పైకెత్తి నిలిపి, ఇంజను ఆపి, తయారుచేసినవారు చెప్పిన బరువును పట్టా దిగువవరుస నడుమ వ్రేలాడదీసి, అది ఎంత క్రుంగినదో కొలువవలెను. ఎక్కువ క్రుంగినచో వెనుక ఇరుసుకు ఇరుప్రక్కల నున్న మరలను సమముగా బిగింపవలెను. ఒక ప్రక్కనే బిగించినచో పట్టా ప్రక్కకు ఒరిగిపోవును. అతిగా బిగించుటయు తప్పే. వీణతీగ వదులైన స్వరము పలుకదు, మితిమీరిన తెగిపోవును. అట్లే పట్టా మిక్కిలి బిగిసినచో ఇంజను శక్తి వ్యర్థమగును. బేరింగులు త్వరగా అరిగిపోవును.

బిగువు సరిగా నున్నను శబ్దము మానకున్నచో బొడిపెలు విరిగినవేమో, చక్రపు పండ్లు అరిగినవేమో, మంచు గడ్డకట్టి యున్నదేమో చూడవలెను. ఇవన్నియు బాగుగా నున్నచో దృష్టిని చట్రమువైపు మరల్పవలెను. పండ్లచక్రపు ఇరుసును, వెనుక ఇరుసును తమతమ స్థానములలో నిలుపునది చట్రమే గదా! దానిని తేలిక కొరకు అల్యూమినియపు రేకుతో బోర్లించిన తొట్టివలె వంచి, రివెట్లతో కూర్చుదురు. గట్టున నుండి క్రిందికి దుమికినపుడు దెబ్బయంతయు దానికే తగులును. చట్రము వంగినచో ఇరుసులు వంకరయగును. పట్టాను ఎన్ని మారులు సరిచేసినను మరల ఒరిగిపోవును. వదులైన రివెట్ల చుట్టును నల్లని మరకయు, రంధ్రముల అంచులందు సన్నని బీటలును కానవచ్చును. కుడి ఎడమల సమానస్థానముల నుండి ఐమూలగా కొలిచినపుడు కొలతలు భిన్నమైనచో చట్రము వంగినదని తెలియును.

బీట కనబడగానే దానిపై రేకు వేసి అతికించుట అందరికిని తోచు ఉపాయము. కాని ఒక్కచోటనే గట్టిపరచినచో దెబ్బ ఆ అతుకు అంచునకు ప్రాకి అచట క్రొత్త బీట పుట్టును. కొన్ని అల్యూమినియపు మిశ్రమలోహములు వెల్డింగు వేడికి తమ బలమును కోల్పోవును. కావున నేర్పరియగు పనివాడు దెబ్బ ఏ మార్గమున వచ్చినదో మొదట కనుగొని, బలమును విశాలముగా పంచునట్లు పలకను కూర్చును. మిక్కిలి వంగిన భాగమును మార్చివేయును. పట్టా తిరుగుచుండగా బండి వెనుక ఎవ్వరును నిలువరాదు; దానినుండి రాళ్లు విసరుగా ఎగురును.

జనసంచారము లేని మంచుకొండపై బండి ఆగినచో చలియే శత్రువగును. అందుచేత అనుభవజ్ఞులు ఊరు విడువకమునుపే బిగువును, రివెట్లను పరీక్షింతురు, ఒంటరిగా బయలుదేరరు. మంచు దాటలేక ఒక బిడ్డ మరణించిన కాలముననే ఈ సాధనము రూపొందినది. పండ్లు బొడిపెలను విడువనంతవరకే అది నమ్మదగినది. ఆ పట్టును కాపాడునది కొలబద్ద చేతబట్టి కారణమును వెదకు ఓర్పేగాని, తొందరపాటుతో మరలను బిగించు బలము కాదు.