వస్తున్నాడా, వస్తుండా?

మా మేనకోడలు రెండో తరగతి. మొన్న వాచకం ఒళ్లో పెట్టుకుని, ‘నాన్న ఊరి నుంచి వస్తున్నాడు’ అన్న వాక్యాన్ని ‘నాయిన ఊర్నుంచి వస్తుండు’ అని చదివింది. పక్కనున్న పెద్దాయన ‘తప్పు, మళ్లీ చదువు’ అన్నాడు. పిల్ల గొంతు సన్నబడిపోయింది. ఈసారి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి సరిగ్గా పలికింది. ఎవరు వస్తున్నారని అడిగితే మాత్రం చెప్పలేకపోయింది.

నన్నడిగితే పిల్ల నిజంగా చదివింది మొదటిసారే. వాక్యం అర్థమైంది కాబట్టే ఇంట్లో మాట్లాడే మాటగా మారి బయటికొచ్చింది.

తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిషులోలా స్పెల్లింగుల బెడద లేదు. ఈ సుఖంలోనే ఒక చిక్కుంది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడిన పిల్లలు అర్థం తెలియని పేజీని కూడా గడగడా చదివేయగలరు. విన్నవాళ్లు మురిసిపోతారు. కథలో కోతి ఎందుకు పారిపోయిందని అడిగితే పిల్లలు తెల్లమొహం వేస్తారు.

అక్కడిదాకా రావడం కూడా తేలికేం కాదు. ప, వ మధ్య తేడా చిన్న కలయికే. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా కనిపించవు. వీటిని వరసగా వల్లె వేయిస్తే వచ్చేస్తాయనుకుంటాం. క గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లవాడికి విడిగా ‘కై’ చూపించండి. క, కా, కి అంటూ మొదటి నుంచి పాడుకుంటూ వస్తాడు. వాడికి తెలిసింది వరస, అక్షరం కాదు. అందుకే తల, వల, పలక లాంటి పదాల్లోంచి అక్షరాల్ని పట్టుకోవడం మేలు. పదానికి అర్థం ఉంటుంది, అక్షరం దాన్ని పట్టుకుని గుర్తుండిపోతుంది.

2005లో మొదలైన అసర్ సర్వేలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. దేశం మొత్తం మీద గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. ఎదుగుదలే, కానీ సగానికి ఇంకా చేరలేదు. నిపుణ్ భారత్, తెలంగాణలో తొలిమెట్టు లాంటి కార్యక్రమాలు వచ్చింది ఈ లోటు పూడ్చడానికే.

బడి సంగతి అలా ఉంచి ఇంటికి వద్దాం. పిల్ల ‘పలక’ను ‘వలక’ అని చదివితే వెంటనే దిద్దకండి. వాక్యం పూర్తి కానిచ్చి, ‘వలక అంటే ఏంటమ్మా?’ అని అడగండి. చాలాసార్లు తానే వెనక్కి వెళ్లి సర్దుకుంటుంది. అర్థం చెడని తప్పును వదిలేయండి, చెడిన తప్పు దగ్గర కాసేపు ఆగండి. ఈ ఆగడమే మనకు చేతకాదు, నాకూ చేతకాదు.

కూడబలుక్కుని చదివే పిల్లల దృష్టంతా అక్షరాల మీదే ఉంటుంది, కథ జారిపోతుంది. కాబట్టి మీరు చదివి వినిపించండి, వాక్యం కింద వేలు నడిపిస్తూ. ఒకే పుస్తకం పదోసారి తెచ్చినా విసుక్కోకండి. తెలిసిన కథలోనే పిల్లలు ముందు రాబోయే మాటను ఊహించి, అచ్చులో సరిచూసుకుంటారు. చదువు రాని అమ్మమ్మైనా కథ వినడానికి పనికొస్తుంది. ‘తర్వాతేమైందే?’ అని ఆమె అడిగితే చదివింది చెప్పక తప్పదు. అంతకన్నా మంచి పరీక్ష నేను చూడలేదు. ఇంట్లో కోయో, లంబాడీయో మాట్లాడే పిల్లల్ని కథను ముందు ఆ భాషలోనే చెప్పనివ్వండి.

పుస్తకాలకు డబ్బు పెద్ద అడ్డం కాదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు. బస్సు బోర్డు, కిరాణా కొట్టు బోర్డు ఎటూ ఉన్నాయి. ఇక చాలా బడుల్లో కథల పుస్తకాలు ఉండీ, చిరుగుతాయన్న భయంతో బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కన్నా ముందు ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో అడగండి.