షట్టరు కూడా యంత్రమే

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉందన్న మాటేగానీ, చుట్టూ చాలా మేర ఆంధ్ర నేలే. బస్సు బోర్డు కన్నడంలో ఉంటుంది, బస్సులో కబుర్లు తెలుగులో సాగుతాయి. ఆ తాలూకాలోని తిరుమణి పేరు ఇప్పుడు దూర ప్రాంతాలకూ తెలుసు. తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల మెట్ట పొలాల్లో దాదాపు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పరుచుకుని ఉంది. 2018 మార్చిలో తొలి విడత మొదలైంది, 2019 డిసెంబరుకల్లా మొత్తం పూర్తయింది. భూములు కొనలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. రెండేళ్లకోసారి 5 శాతం పెంచాలన్నది ఒప్పందం.

వాన పడితే వేరుశనగ, పడకపోతే వలస అన్నట్టు బతికిన ఊళ్లకు ఏటా నికరంగా చేతికొచ్చే డబ్బు చిన్న సంగతి కాదు. భూమి లేనివాళ్లకు మాత్రం దక్కింది తక్కువ, కూలి పనులూ పోయాయి. ఆ కథ విడిగా రాయాల్సినంత ఉంది. మేత బీళ్లు ప్యానెళ్ల కిందికి పోయాక పశువులు తగ్గాయి. పశువులు తగ్గాక కొట్టం ఉన్న చోట కారుకో ట్రాక్టరుకో షెడ్డు లేస్తుంది, షెడ్డుకు షట్టరు వస్తుంది. ఇది తిరుమణి ఒక్కదాని సంగతే కాదు. మడకశిర, కళ్యాణదుర్గం, హిందూపురం వైపు కొత్త మిద్దెలు చూడండి, కింద బండి పెట్టుకునే చోటుకు ఇనుప షట్టరో, పక్కకు జరిగే గేటో కనిపిస్తుంది.

కొట్టానికి తడికె ఉండేది. అది మీద పడితే ఒళ్లు గీసుకుపోతుంది, అంతే. షట్టరు బరువు ఎంతో ఎప్పుడైనా లెక్కేశారా? 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు షట్టరు అంటే సుమారు ఏడున్నర చదరపు మీటర్లు. 18 గేజి రేకు, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం, చదునుగా పరిచినా 70 కిలోలు తూగుతుంది. పట్టీలు ఒకదాన్నొకటి పట్టుకునే మడతలు, అడుగున ఉండే దళసరి ప్లేటు, కోణాలు కలిపితే 90కి అటూ ఇటూ. ఇంత బరువును ఇంటి కోడలు ఒంటి చేత్తో పైకి నెట్టగలుగుతోంది. బలమంతా ఆమె చేతిది కాదు, పైన ముసుగు రేకు వెనక దాక్కున్న స్ప్రింగులది.

షట్టరు కిందికి దించినప్పుడల్లా, అది చుట్టుకునే షాఫ్టు పైపు మీది స్ప్రింగులు గడియారానికి కీ ఇచ్చినట్టు బిగుసుకుంటాయి. పైకి లేపేటప్పుడు ఆ బిగువే బరువులో చాలా భాగం మోస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ స్ప్రింగు సడలుతుంది, తుప్పు పడుతుంది, ఒకటి తెగుతుంది. మిగిలినవాటి మీద భారం పడుతుంది. ఆ మార్పు ఒక్కరోజులో తెలియదు. ‘ఈ మధ్య షట్టరు గట్టిబడింది, కొంచెం నూనె కొట్టించాలి’ అనుకుంటారు. నూనెతో పోయేది కాదది. సాగుబాటుకు అలవాటుపడిన మన చెయ్యి జబ్బుతో కూడా సర్దుకుపోతుంది, అదే ప్రమాదం.

తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పిల్లల్ని దూరంగా ఉంచి, షట్టరును నడుము ఎత్తుదాకా లేపి, చెయ్యి నెమ్మదిగా వదలండి. షట్టరు కిందికి కాలు రాకుండా పక్కకు నిలబడండి. ఉన్నచోటే నిలిస్తే స్ప్రింగులు బాగున్నట్టు. తనంతట తాను జారితే సడలినట్టు. సర్రున పైకి పోతే మరీ బిగించినట్టు, అదీ మంచిది కాదు. ఇంతవరకే మన పని. ముసుగు రేకు విప్పడం, స్ప్రింగు బిగించబోవడం మాత్రం షట్టరు మేస్త్రీకే వదలాలి. ట్రాక్టరు ఇంజను విప్పి బిగించగల రైతు కూడా ఇక్కడ చెయ్యి పెట్టకూడదు. ఇంజను ఆపితే ఊరుకుంటుంది. బిగుసుకున్న స్ప్రింగును ఆపే తాళంచెవి లేదు.

అసలు తప్పు చాలాసార్లు షట్టరు పెట్టిన రోజే జరుగుతుంది. రోలింగ్ షట్టర్లకు మన దేశంలో ఐఎస్ 6248 అనే ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. చేత్తో ఎత్తి దించే షట్టరు విషయంలో ప్రభుత్వ ఇంజనీర్లు పాటించే హద్దు ఇది: 9 చదరపు మీటర్ల దాకా మామూలుది చాలు, 12 దాకా బాల్ బేరింగులు ఉండాలి, అంతకు మించితే గేరు పెట్టి గొలుసుతోనో హ్యాండిలుతోనో తిప్పాలి. కారుకు కట్టిన షెడ్డుకు మొదటి లెక్క సరిపోతుంది. ట్రాక్టరు కోసం 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు పెట్టించారా, 11 చదరపు మీటర్లు దాటింది, బేరింగు తప్పదు. ట్రాలీ తిప్పుకోవడానికని వెడల్పు 14 అడుగులు చేశారా, గేరు కావాలి. వెల్డింగ్ షాపులో మనం అడిగేది మాత్రం ‘చదరపు అడుగు ఎంత?’ అన్న ఒక్క ప్రశ్నే. షాఫ్టు రెండు కొసల్నీ మోసే బ్రాకెట్లు కాంక్రీటులో దిగాయా, బోలు ఇటుకలో నాలుగు మేకుల మీద వేలాడుతున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ.

గేటుకు అడ్డుకట్ట

షట్టరు కంటే నాకు ఎక్కువ భయం పట్టాల మీద పక్కకు జరిగే గేటంటే. 2024 సెప్టెంబరులో బెంగళూరు మల్లేశ్వరంలో ఆటస్థలం ఇనుప గేటు మీద పడి, ఆడుకోవడానికి వెళ్లిన బాలుడు చనిపోయాడు. అది నగరపాలిక స్థలం. ఇళ్ల గేట్లు కూలి పసివాళ్లు పోయిన వార్తలు మన పత్రికల జిల్లా పేజీల్లో తరచూ వస్తూనే ఉంటాయి, రెండు రోజుల్లో మరిచిపోతాం. జారే గేటును నిలబెట్టేవి రెండే: పైన రెండు వైపులా పట్టి ఉంచే గైడు రోలర్లు, పట్టా చివర దాన్ని ఆపే స్టాపరు. రోలరు అరిగి, స్టాపరు ఊడిన గేటును పిల్లవాడు ఉత్సాహంగా తోస్తే అది పట్టా దాటి, పట్టు తప్పి, తోసినవాడి మీదికే ఒరుగుతుంది. మన దగ్గర గేటు పిల్లలకు బండి కూడా, ఎక్కి ఊగుతారు. పెద్దవాళ్లు నవ్వుతూ చూస్తుంటారు. దళసరి ఇనుప ముక్కను పట్టా రెండు చివర్లా గట్టిగా వెల్డు చేయడానికి అరపూట పని. ఇది చదివే ఇంట్లో వేరే ఏదీ చేయకపోయినా ఇదొక్కటి చేయించాలని నా కోరిక.

మోటారు, రిమోటు

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే షట్టరుకు మోటారు పెట్టించుకోవాలనిపిస్తుంది. పది అడుగుల షట్టరుకు అది అవసరమని నేననుకోను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లే బండి తీసే ఇల్లయితే వేరు. పెట్టించుకునేవాళ్లు అమెరికా అనుభవం తెలుసుకోవాలి. అక్కడ గ్యారేజీ తలుపు దాదాపు ప్రతి విడి ఇంటికీ ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు ఇంటికి వెళ్లిన మన పెద్దవాళ్లు వాకిలి తలుపు కంటే ఎక్కువసార్లు దాన్నే దాటుతారు. 1980లలో అక్కడ దిగుతున్న ఆటోమేటిక్ తలుపు కింద చిక్కి పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. 1990లో చట్టం వచ్చింది. 1993 జనవరి నుంచి తయారయ్యే ప్రతి ఇంటి మోటారూ, దిగే తలుపుకు ఏదైనా తగిలితే రెండు సెకన్లలో వెనక్కి తిప్పాలి. నేలకు ఆరంగుళాలు మించని ఎత్తులో కిరణం పంపే సెన్సరో, అంచున తాకిడి తెలుసుకునే పట్టీయో కూడా ఉండాలి. ఆరంగుళాలే ఎందుకు? దోగాడే పాప, బంతి కోసం బోర్లా పడుకున్న పిల్లవాడు ఆ ఎత్తులోనే ఉంటారు కాబట్టి.

ఇక్కడ చాలా చోట్ల మోటారుతో రిమోటు ఊరికే ఇస్తారు, సెన్సరు అడిగితేనే పెడతారు. ఆ బేరం తిరగెయ్యాలి. ముందు సెన్సరు, తర్వాతే రిమోటు. ఇంకా మేలైనది, మీట నొక్కి పట్టుకున్నంతసేపే కదిలి, వదిలితే ఆగే ఏర్పాటు. మీటను అయిదడుగుల ఎత్తున, షట్టరు మొత్తం కంటికి కనిపించే చోట పెట్టించండి. దిగే షట్టరు కింద నుంచి దూకడం పిల్లలకు పందెం. పైకి పోయే షట్టరు అంచు పట్టుకుని వేలాడటం అంతకంటే ప్రమాదం, చుట్ట దగ్గరికి చేరాక వేళ్లు పట్టీల మధ్యకు పోతాయి. చున్నీ, చీర కొంగు, లుంగీ అంచు కూడా అంతే.

దేశానికి కరెంటు పంపే ఊరైనా తన ఇంట్లో కరెంటు పోదన్న హామీ లేదు. అప్పుడు చేత్తో తిప్పే గొలుసు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. 2017లో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి గ్యారేజీ తలుపులు తెరుచుకోక జనం చిక్కుకుపోయారు. అందుకే ఆ రాష్ట్రం 2019 జులై నుంచి కొత్త మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేసింది. మనకు ఇంకో తంటా ఉంది. షట్టరు మొత్తం ఇనుము. మోటారు తీగ తొడుగు ఎక్కడ ఊడినా వానలో తడిసిన తలుపంతా షాకు కొడుతుంది. ఎర్త్ సరిగా ఉండాలి, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలి.

షట్టరు ఒక్కటే దారిగా ఉన్న గదిలో మనుషులు పడుకోవడం మరీ ఘోరం. వేసవిలో గాలి కోసం సగం ఎత్తి కింద తల పెట్టి పడుకుంటారు, చలికాలంలో పూర్తిగా దించుకుంటారు. బయటి ఊరి పనివాళ్లకు అద్దెకిచ్చే గదుల్లో ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. వెనక తలుపు లేని గదిని బండికే ఉంచండి, మనిషికి ఇవ్వకండి. మూసిన షెడ్డులో ఇంజను కూడా నడిపి ఉంచకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

పావగడ గాలికి ఎర్రమట్టి దుమ్ము, షట్టరు అంచులు జారే గైడు ఛానెళ్లలో పేరుకుంటుంది. అక్కడ గ్రీజు పూస్తే దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పలచటి నూనె తడి చేస్తే చాలు. ఏటా కౌలు డబ్బు పడ్డాక ఇంటికి సున్నమో రంగో వేయించేవాళ్లు ఆ వారంలోనే షట్టరు మేస్త్రీని కూడా పిలిపించవచ్చు. వచ్చినప్పుడు బ్రాకెట్ల బోల్టులు బిగించమనండి, కొసన పట్టీలు గైడు నుంచి జారకుండా ఆపే క్లిప్పులు ఉన్నాయో లేదో చూడమనండి. తెగిన స్ప్రింగును ఒక్కదాన్నే మార్చి పోతానంటే ఒప్పుకోకండి, అన్నీ ఒకే వయసువి.