పురావస్తువుల చిక్కుముడులు – వాటిని విప్పు విధము

మనకు తెలియని వస్తువొకటి కంటబడినప్పుడు మనస్సునందు రెండు కోరికలు పుట్టును. అది ఏమో తెలిసికొనవలెనన్నది మొదటిది. తెలిసికొనకమునుపే దానిని గూర్చి ఏదో ఒకటి చెప్పివేయవలెనన్నది రెండవది. మొదటి కోరికను ఓర్పుతో పెంచుకొన్నవారు శాస్త్రజ్ఞులైరి. రెండవదానికి లోబడినవారు కట్టుకథలకు కారకులైరి. పురావస్తువుల విషయమున ఈ రెండు మార్గములును నేటికిని ప్రక్కప్రక్కనే సాగుచున్నవి.

రెండువేల యేండ్లనాటి విద్యుత్పాత్ర దొరకినదట, తుప్పుపట్టని స్తంభమును దేవలోకమువారు నిలిపిరట, ఫలానా భాషవారే లోకమునకు నాగరికత నేర్పిరట – ఇట్టి మాటలు నేడు చేతిఫోనుల ద్వారా ఇంటింటికిని చేరుచున్నవి. రెండు మూడు భాషలవారు కలసి నివసించు మనబోటి ఊళ్ళలో ఇవి బడి ఆవరణమున పంతములకు గూడ దారితీయుచున్నవి. ఇట్టి వాదములను ఎట్లు తూచి చూడవలెనో నాలుగు వస్తువుల చరిత్రము ద్వారా మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును వివరింప బూనితిమి.

మొదటిది గ్రీసు దేశమున దొరకిన ఒక కంచు యంత్రము. క్రీటు ద్వీపమునకు వాయవ్య దిక్కున ఆంటికితెరా అను చిన్న ద్వీపము కలదు. 1900 సంవత్సరమున సముద్రములో మునిగి స్పంజీలను ఏరుకొను ఈతగాండ్రు కొందరు ఆ ద్వీపము చెంత ఒక పురాతన నౌక శిథిలములను కనుగొనిరి. ఆ నౌక క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలో మునిగినది. గ్రీకు ప్రభుత్వము వారి తోడ్పాటుతో అందలి విగ్రహములను, గాజుపాత్రలను పైకి తీయించిరి. వాటితోపాటు చిలుమెక్కిన కంచుముద్ద ఒకటి వచ్చినది. అందమైన విగ్రహముల నడుమ దానిని ఎవరును లెక్కచేయలేదు. 1902లో ఏథెన్సు జాతీయ పురావస్తుశాలలో వలేరియోస్ స్టాయిస్ అను పండితుడు ఆ ముద్దలో ఒక పళ్ళచక్రమును గుర్తించెను.

అంతట వాదములు చెలరేగినవి. పళ్ళచక్రములతో కూడిన గడియారములు ఐరోపాలో పదునాల్గవ శతాబ్దిలో గాని వ్యాపింపలేదు. అంతకు వేయి యేండ్లకు పైగా ముందే ఇట్టి యంత్రమెట్లు వచ్చినది? నక్షత్రముల ఎత్తును కొలుచు పరికరమని కొందరనిరి. ఇంత సూక్ష్మమైన పనితనము ఆ కాలమున అసంభవము కావున, ఇది తరువాతి కాలపు ఓడ నుండి అచ్చట పడియుండవలెనని మరికొందరనిరి. ఊహలు పెక్కు గలవు గాని, ముద్ద లోపల ఏమున్నదో చూచు సాధనము ఆనాడు ఎవరికిని లేదు.

డెరెక్ ప్రైస్ అను చరిత్రకారుడు 1950 తరువాత ఈ యంత్రమును చేపట్టెను. దీనిని ప్రాచీన గ్రీకు గణకయంత్రముగా పేర్కొనుచు 1959లో ఒక వ్యాసము ప్రకటించెను. 1971లో కిరణముల సాయమున లోపలి చక్రములను ఛాయాచిత్రములు తీయించి, వాటి పళ్ళను లెక్కించి, 1974లో తన పరిశోధనను గ్రంథరూపమున వెలువరించెను. 2005లో ఎనిమిది టన్నుల ఎక్స్‌రే యంత్రమును ఏథెన్సు పురావస్తుశాలకే తెచ్చి, ఒక్కొక్క తునకను పొరలుపొరలుగా చిత్రించిరి. నేడు ఆ యంత్రమునకు చెందిన తునకలు 82 కలవు. వాటియందు 30 చక్రములు కనబడినవి. మూడువేలకు పైబడిన సన్నని గ్రీకు అక్షరములు కూడ వాటియందు గుర్తింపబడినవి. ఆ వ్రాత చాలవరకు ఆ యంత్రము యొక్క వివరణమే.

ఇక ఆ చక్రముల లెక్క చూడుడు. ఒక చక్రమునకు 223 పళ్ళు కలవు. ఇన్ని చాంద్రమాసములకు ఒకమారు, అనగా 18 సంవత్సరముల పదునొకండు దినములకు, గ్రహణములు ఇంచుమించు అదే క్రమమున తిరిగివచ్చును. ఈ సంగతి బాబిలోను జ్యోతిష్కులకు అంతకుముందే తెలియును. యంత్రము వెనుక భాగమున మరియొక ముఖము 235 మాసములను చూపును. 19 సౌరసంవత్సరములలో 235 చాంద్రమాసములు గలవు. మన పంచాంగమును ఎరిగిన పెద్దలు దీనిని సులభముగా గ్రహింపగలరు. 19 ఏండ్లకు పండ్రెండేసి మాసముల చొప్పున 228 మాసములగును. ఇంచుమించు ఏడు అధికమాసములు చేరిన 235 అగును. పంచాంగకర్త వ్రేళ్ళపై వేయు లెక్కనే ఆ గ్రీకు శిల్పి కంచు పళ్ళలో ఇమిడ్చినాడు. చంద్రుడు ఒకప్పుడు వేగముగను, ఒకప్పుడు మెల్లగను నడచునట్లు కనబడును గదా! దానిని చూపుటకు ఒక చక్రమునకు చిన్న మేకును, దానికి ఎదుటి చక్రమున పొడవాటి కంతను అమర్చినాడు.

ఇది ఆకాశమునుండి ఊడిపడినది కాదని ఇప్పుడు స్పష్టమే. భాష గ్రీకు, గణితము బాబిలోనునుండి గ్రీసునకు వచ్చినది, ఆర్కిమీడిసు అట్టి ఖగోళయంత్రమును నిర్మించెనని రోమను రచయిత సిసెరో వ్రాసియున్నాడు. ముందుభాగము చాలవరకు నశించుటచే, గ్రహములను అది ఎట్లు చూపెడిదో అను చర్చ ఇంకను ముగియలేదు. 2021లో లండను పండితులు ఒక నమూనాను ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదనమును సరిచూచుటకు మిగిలిన తునకలు, అందలి వ్రాతలు ఉన్నవి. ఊహకును వస్తువునకును పొసగనిచో ఊహయే వెనుదీయవలెను. పండితుల చర్చకు ఆధారము ఈ నియమమే.

రెండవ వస్తువు ఇరాకు దేశపు మట్టికుండ. 1936లో బాగ్దాదు సమీపమున ఇది దొరకినది. జానెడులోపు ఎత్తు గల ఆ కుండలో ఒక రాగిగొట్టమును, దాని నడుమ ఒక ఇనుపకడ్డీని నిలిపి, తారువంటి నల్లని పదార్థముతో మూసియుండిరి. ఇరాకు పురావస్తుశాలలో పనిచేసిన విల్‌హెల్మ్ కోనిగ్ అను జర్మను దేశీయుడు, ఇది విద్యుద్ఘటము కావచ్చుననియు, దీనితో వెండికి బంగారు పూత పూసియుందురనియు ఊహించెను. ఆ ఊహ లోకమంతట ప్రాకినది. అట్టి కుండను చేసి పుల్లని ద్రవమును పోసినచో కొద్దిపాటి విద్యుత్తు పుట్టుట నిజమే.

అయితే ఇచ్చట తొందరపడరాదు. నిమ్మకాయలో ఒక రాగితీగను, ఒక ఇనుపమేకును గ్రుచ్చినను విద్యుత్తు పుట్టునని మన పదవ తరగతి విద్యార్థులకు తెలియును. అంతమాత్రమున నిమ్మతోట విద్యుత్కేంద్రము కాదు. ఒక వస్తువుతో ఒక పని చేయగలుగుట వేరు. దానిని ఆ పనికొరకే చేసిరనుట వేరు. ఆ కుండతో తీగ ఏదియు దొరకలేదు. రాగిగొట్టము తారు క్రింద పూర్తిగా మూయబడినందున తీగ తగిలించుటకు చోటును లేదు. విద్యుత్తుతో పూత పూసిన ఆనాటి వస్తువు ఒక్కటియు కానరాలేదు. ఆ కాలపు బంగారుపూత పాదరసముతో కలిపి నిప్పుపై కాచి పూసినదని పరీక్షలు తెలుపుచున్నవి. కుండలో గ్రంథపు చుట్టలను భద్రపరచియుందురని కొందరు పండితుల అభిప్రాయము. ఈ చిక్కు పూర్తిగా వీడలేదు. వీడనంతమాత్రమున మొదటి ఊహ నిజము కాజాలదు.

మూడవదానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. బ్రిటిషు మ్యూజియమువారు 1897లో స్ఫటికపు పుర్రె ఒకదానిని కొనిరి. అది మెక్సికోలోని ప్రాచీన ఆజ్‌టెకు జాతివారి శిల్పమని చాలకాలము ప్రసిద్ధి పొందినది. ఇట్టి పుర్రెలకు మహిమలు గలవని కథలు పుట్టినవి. కాని పురావస్తు శాఖల త్రవ్వకములలో అట్టిది ఒక్కటియు దొరకలేదు. అన్నియు వర్తకుల చేతులమీదుగా వచ్చినవే. సూక్ష్మదర్శినితో చూడగా, తిరుగు చక్రముతో అరగదీసిన గీతలు కనబడినవి. అట్టి చక్రములు ఐరోపావారు రాకమునుపు మెక్సికోలో లేవు. ఆ స్ఫటికము కూడ మెక్సికోది కాదని తేలినది. 2008లో ఈ పరిశోధన ప్రకటింపబడి, ఆ పుర్రె పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపాలో చేసినదని స్థిరపడినది. రహస్యము వస్తువులో లేదు. అమ్మినవాని మాటలో ఉన్నది!

నాల్గవది మన దేశములోనిదే. ఢిల్లీలో కుతుబుమీనారు ప్రాంగణమున ఏడు మీటరులకు మించిన ఎత్తును, ఆరు టన్నులకు మించిన బరువును గల ఇనుపస్తంభము నిలిచియున్నది. చంద్రుడను రాజు దానిని విష్ణుధ్వజముగా నిలిపినట్లు దానిపై సంస్కృత శాసనము కలదు. అతడు గుప్తరాజగు రెండవ చంద్రగుప్తుడని పెక్కుమంది పండితుల నిర్ణయము. పదునారు వందల యేండ్లుగా ఎండవానలకు నిలిచియున్నను అది తుప్పుతో క్రుంగిపోలేదు. దీనిని చూపి, ఇతర లోకవాసులు భూమికి వచ్చి మానవులకు విద్యలు నేర్పిరని 1968లో ఒక గ్రంథము వ్రాసిన స్విట్జర్లాండు దేశీయుడు ఎరిక్ ఫాన్ డానికెన్ వాదించెను. పిదప ఆయనయే ఆ స్తంభపు మాటను విడిచిపెట్టెను.

కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడైన బాలసుబ్రహ్మణ్యం 2000 సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో ఆ రహస్యమును విడమరచి చెప్పినాడు. ప్రాచీనులు బొగ్గుతో ఇనుమును కరగదీయునప్పుడు సున్నపురాయిని కలుపలేదు. అందుచే ముడిఖనిజములోని భాస్వరము చాలభాగము ఇనుములోనే నిలిచిపోయినది. వానకు తడిసి ఎండకు ఆరుచుండగా ఆ భాస్వరము పైభాగమున పలుచని గట్టి పొరగా ఏర్పడి, లోపలి ఇనుమును కాపాడుచున్నది. భూమిలో పాతియున్న భాగమునకు తుప్పు పట్టినది కూడ. అనగా ఈ ఇనుము మాయలోహము కాదు. అయినను ఇనుపగడ్డలను కొలిమిలో కాల్చి, సమ్మెటలతో మోది, అతికి, ఆరు టన్నుల స్తంభముగా తీర్చినవారి నేర్పు ఏమంత స్వల్పము? ఇట్టి నేర్పు దక్షిణదేశమునకును కొత్త కాదు. తెలంగాణములో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున చేసిన ఉక్కు పారసీక వర్తకుల ద్వారా దూరదేశములకు పోయెడిది. ఆ ఉక్కునకు ఇంగ్లీషువారు పెట్టిన వూట్జ్ అను పేరు దక్షిణ భాషలలోని ఉక్కు అను మాటనుండి వచ్చినదేనని పండితులు తలచుచున్నారు.

ఇప్పుడు ఒక్క సంగతి ఆలోచింపవలెను. స్తంభమును దేవలోకమువారు చేసిరన్నచో గొప్పతనము పెరిగినట్లు పైకి కనబడును. నిజమునకు, నిప్పుసెగకు కన్నులెఱ్ఱబడిన కమ్మరికి రావలసిన కీర్తిని మనము అపహరించినవారమగుదుము. లేని గొప్పను మనవారికి అంటగట్టుటయు అట్టిదే. ఒక అబద్ధపు ఆధారము బయటపడిన దినమున, మన నిజమైన ఆధారములను గూడ ఇతరులు నమ్మరు. తక్కువసంఖ్యలో నుండి తమ భాషను నిలుపుకొనుచున్న మనవంటివారికి ఈ జాగ్రత్త మరింత అవసరము.

కావున ఎవరైనను ఒక వింత వస్తువును చూపి వాదించునప్పుడు మన పిల్లలు ఈ ప్రశ్నలు వేయుట నేర్వవలెను. అది ఎచ్చట, ఎవరి సమక్షమున దొరకినది? దానితోపాటు ఏమేమి దొరకినవి? దానిపై ఏ పనిముట్టు జాడలు గలవు? చెప్పిన ఉపయోగము నిజమైనచో మరియే వస్తువులు దొరకవలెను, అవి దొరకినవా? చెప్పువాడు తన మాట తప్పని తేలుటకు ఏ పరీక్షకైనను ఒప్పుకొనునా? వీటికి జవాబు రానిచో, ఇంకను తెలియదు అని చెప్పుట అవమానము కాదు. ఆంటికితెరా ముద్ద లోపలి లెక్క తేలుటకు నూరేండ్లు పట్టినది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు ఇట్టి ప్రశ్న వేసినప్పుడు విసుగుకొనకుడు. పెద్దల మాట కాదనుచున్నాడని కోపింపకుడు. పొలములో నాగటిచాలున ఒక పాత పెంకో, నాణెమో బయటపడినచో దానిని తోమి మెరుగుపెట్టక, దొరకిన చోటును గుర్తుంచుకొని, బడిలోని ఉపాధ్యాయులకో పురావస్తు శాఖవారికో తెలియజేయుడు. ఆ పెంకు ఏ భాషవారిదైనను, దానిని చేసిన కుమ్మరి మనకందరకును పూర్వుడే.